పాప్‌అప్ పెట్టెను దాచేస్తే పోతోంది, కానీ పేజీ కదలట్లేదు

మూడోట్యాబ్
ఏ సైటు తెరిచినా మూడు పెట్టెలు మీద పడుతున్నాయి. ఒకటి కుకీల గురించి, ఒకటి నోటిఫికేషన్లు పంపమంటారా అని, ఇంకోటి న్యూస్‌లెటర్ కోసం ఈమెయిల్ ఇమ్మని. ఫైర్‌ఫాక్స్, డెస్క్‌టాప్, యూబ్లాక్ ఆరిజిన్ (ప్రకటనల్నీ ఇలాంటి పెట్టెల్నీ ఆపే ఎక్స్‌టెన్షన్) వాడుతున్నా. దాని ఎలిమెంట్ పికర్‌తో (పేజీలో ఒక ముక్కను ఎంచి దాచే సాధనం) పట్టుకుని 'క్రియేట్' కొడితే పెట్టె పోతోంది, పేజీ మాత్రం స్క్రోల్ అవ్వదు. కొన్ని సైట్లలో కొన్నాళ్లకి అదే పెట్టె మళ్లీ ప్రత్యక్షం. నోటిఫికేషన్ పెట్టెనైతే పికర్ అసలు ముట్టుకోను కూడా లేదు. దీనికో పద్ధతి చెప్పండి. "ఇంకో ఎక్స్‌టెన్షన్ వేసుకో" తప్ప ఏదైనా పర్లేదు.

బొమ్మజెముడు
ఇంకో ఎక్స్‌టెన్షన్ వేసుకో.

సెలెక్టర్_శాస్త్రి
ముందు ఆ మూడింటినీ విడదీయండి. చూడ్డానికి ఒకేలా ఉన్నా గీసేవాళ్లు వేరు. కుకీ పెట్టె, న్యూస్‌లెటర్ పెట్టె పేజీలో భాగం, వాటిని సిఎస్ఎస్‌తో (పేజీ రూపాన్ని దిద్దే నియమాలు) దాచొచ్చు. నోటిఫికేషన్ అనుమతి అడిగేది మాత్రం బ్రౌజర్. పేజీ మీద రాసే ఏ ఫిల్టరూ (ఏది దాచాలో యూబ్లాక్‌కి చెప్పే వరస) దాన్ని తాకదు. అందుకే పికర్ ముట్టుకోలేదు. అనుమానం వస్తే ఎఫ్12 నొక్కి, ఇన్‌స్పెక్టర్ బాణం గుర్తుతో పెట్టె మీద క్లిక్ చేయండి. పట్టుబడితే పేజీది, పట్టుబడకపోతే బ్రౌజర్‌ది. కొన్ని సైట్లు అసలు అనుమతి అడిగే ముందు సొంతంగా గీసిన నకిలీ పెట్టె ఒకటి చూపిస్తాయి. అది పట్టుబడుతుంది.

ఇక స్క్రోల్ సంగతి. పెట్టెను తెరిచే స్క్రిప్టే వెనక పేజీ కదలకుండా బాడీకో, హెచ్‌టిఎమ్ఎల్ ఎలిమెంట్‌కో, రెండింటికీనో ఓవర్‌ఫ్లో హిడెన్ (స్క్రోల్ ఆపే సిఎస్ఎస్ నియమం) పెడుతుంది. 'మూసెయ్' బటన్ నొక్కితే అదే స్క్రిప్టు దాన్ని తీసేస్తుంది. మీరు బటన్ నొక్కలేదు, పెట్టెను కనపడకుండా చేశారంతే. తాళం అలాగే ఉండిపోయింది. యూబ్లాక్ డ్యాష్‌బోర్డులో 'మై ఫిల్టర్స్'లో ఈ రెండు వరసలు పెట్టండి (ఇంగ్లీషు అక్షరాల్లో, చిన్న బడిలో, సైట్.కామ్ చోట ఆ సైటు పేరుతో):

సైట్.కామ్##హెచ్‌టిఎమ్ఎల్:స్టైల్(ఓవర్‌ఫ్లో: ఆటో !ఇంపార్టెంట్)
సైట్.కామ్##బాడీ:స్టైల్(ఓవర్‌ఫ్లో: ఆటో !ఇంపార్టెంట్)

'అప్లై చేంజెస్' నొక్కి పేజీ రీలోడ్ చేయండి.

లినక్సు_లచ్చి
దానికి ఒక కొసరు. కొన్ని సైట్లు ఓవర్‌ఫ్లో బదులు బాడీకి పొజిషన్ ఫిక్స్‌డ్ పెట్టి, టాప్‌కి మైనస్ విలువ ఇస్తాయి. అప్పుడు శాస్త్రి గారి రెండు వరసలూ పెట్టినా పేజీ కదలదు. ఇన్‌స్పెక్టర్‌లో బాడీ ట్యాగ్ చూడండి, స్టైల్ యాట్రిబ్యూట్‌లో ఫిక్స్‌డ్ అని ఉంటే స్టైల్ బ్రాకెట్లలో 'పొజిషన్: స్టాటిక్ !ఇంపార్టెంట్' కూడా చేర్చాలి.

సెలెక్టర్_శాస్త్రి
అవును. ఇంకో రకం ఏంటంటే, బాడీకి 'మోడల్ ఓపెన్' లాంటి క్లాస్ (సిఎస్ఎస్ గుర్తుపట్టే పేరు) ఒకటి తగిలిస్తారు, తాళం పనంతా ఆ క్లాసే చేస్తుంది. అలాంటప్పుడు స్టైల్‌తో కుస్తీ పట్టే బదులు క్లాస్‌నే పీకేయడం సుఖం. బాడీ పక్కన చుక్క, క్లాస్ పేరు, ఆ తర్వాత :రిమూవ్-క్లాస్(క్లాస్ పేరు). తర్వాత స్క్రిప్టు దాన్ని మళ్లీ తగిలిస్తే ఫిల్టర్ మళ్లీ తీస్తుందన్న హామీ మాత్రం లేదు.

చదువరి_404
నోటిఫికేషన్ సంగతి నేను చెప్తా, అన్నిట్లో తేలిక అదే. ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, కిందకి వెళ్తే పర్మిషన్స్. నోటిఫికేషన్స్ పక్కన 'సెట్టింగ్స్' నొక్కండి. అడుగున కొత్త అభ్యర్థనలన్నీ ఆపేయమనే టిక్ పెట్టె ఉంటుంది. టిక్ పెట్టి సేవ్ చేయండి. లొకేషన్, కెమెరా, మైక్‌లకి కూడా ఇదే టిక్ విడివిడిగా ఉంది.

అబౌట్ కాన్ఫిగ్‌లో (అడ్రస్ బార్‌లో ఆ పేరు కొడితే తెరుచుకునే లోపలి సెట్టింగుల పేజీ) చేయాలనుకుంటే 'పర్మిషన్స్.డిఫాల్ట్.డెస్క్‌టాప్-నోటిఫికేషన్' విలువ 2 చేయండి. ఫలితం ఒకటే. ఒక మాట: అదే కిటికీలో పైన ఇదివరకే 'అలౌ' ఇచ్చిన సైట్ల జాబితా ఉంటుంది. టిక్ పెట్టినంత మాత్రాన వాటి అనుమతి పోదు, వాటిని విడిగా తీసేయాలి. ట్యాబ్ మూసేసినా ప్రకటనలు వస్తూనే ఉన్నాయంటే కారణం ఆ పాత అనుమతులే. సైటు నమోదు చేసిన సర్వీస్ వర్కర్ (వెనక నడిచే స్క్రిప్టు) పేజీ తెరిచి లేకపోయినా పనిచేస్తుంది.

కీబోర్డు_కాకి
ఫైర్‌ఫాక్స్ 72 (2020) నుంచీ యూజర్ పేజీలో ఏదీ నొక్కకుండా సైటు తనంతట తాను అడిగితే పెట్టె రాదు కదా, అడ్రస్ బార్‌లో చిన్న గుర్తు మాత్రం కదులుతుంది. మూడోట్యాబ్ గారికి పూర్తి పెట్టె వస్తోందంటే అది శాస్త్రి గారన్న నకిలీ పెట్టెలో 'సరే' నొక్కాక వచ్చేదై ఉండాలి.

మూడోట్యాబ్
అవును, ముందు గంట బొమ్మతో ఒకటి వస్తుంది, దానిమీద నొక్కితేనే రెండోది. స్క్రోల్ రెండు సైట్లలో కుదిరింది. మరి మళ్లీ ప్రత్యక్షమయ్యే పెట్టె మాటేంటి? పికర్ ఇచ్చిన ఫిల్టర్ చూస్తే క్లాస్ పేరు ఏదో అర్థంలేని అక్షరాలూ అంకెలూ.

ఎఫ్‌పన్నెండు
జబ్బు అదే. సైటు కోడ్‌ని కట్టేటప్పుడు టూలే క్లాస్ పేర్లు పుట్టిస్తుంది. వాళ్లు కొత్త వెర్షన్ పెట్టిన ప్రతిసారీ ఆ తోక మారిపోవచ్చు. ఆ పేరు మీద రాసిన ఫిల్టర్ అంతవరకే బతుకుతుంది. పికర్‌లో కనిపించిన మొదటి సెలెక్టర్‌ని (ఏ ఎలిమెంటో చెప్పే ఫిల్టర్ భాగం) తీసుకోకండి. పికర్ కిటికీలో స్లైడర్లు ఉంటాయి, ఒకటి పైనున్న తండ్రి ఎలిమెంట్ వైపు జరగడానికి, ఇంకోటి సెలెక్టర్‌ని వదులుగానో బిగువుగానో చేయడానికి. జరిపి చూస్తూ మారని దాన్ని పట్టుకోవాలి.

మారనివి ఏవంటే, నా అనుభవంలో ఈ వరసలో వెతకడం మంచిది: ఐడీ ఉంటే ఐడీ. లేకపోతే డేటా- తో మొదలయ్యే యాట్రిబ్యూట్లు. తర్వాత ఆరియా-లేబుల్ (స్క్రీన్ రీడర్ల కోసం రాసే పేరు). క్లాస్ పేరులో ముందు భాగం స్థిరంగా ఉండి తోక మాత్రమే మారుతుంటే చదరపు బ్రాకెట్లో క్లాస్, నక్షత్రం, సమానం గుర్తు, కోట్స్‌లో ఆ స్థిరమైన ముక్క. ఐడీ మొదలు మాత్రమే స్థిరమైతే నక్షత్రం బదులు టోపీ గుర్తు (^).

ఇవేవీ దొరక్కపోతే చివరి ఆయుధం పెట్టెలో ఉన్న మాటలు. :హ్యాస్-టెక్స్ట్() తో.

సెలెక్టర్_శాస్త్రి
చివరి ఆయుధం జాగ్రత్త. డివ్:హ్యాస్-టెక్స్ట్(న్యూస్‌లెటర్) అని రాస్తే ఆ మాట ఉన్న పెట్టె ఒక్కటే పోదు. ఆ పెట్టెను మోస్తున్న డివ్ (పేజీలో ఒక డబ్బా లాంటి ఎలిమెంట్), దాన్ని మోస్తున్న డివ్, పైదాకా అన్నిట్లోనూ ఆ మాట ఉన్నట్టే లెక్క. పేజీ మొత్తం తెల్లకాగితం. ఇలా బిగించాలి:

సైట్.కామ్##బాడీ > డివ్:మ్యాచెస్-సిఎస్ఎస్(పొజిషన్: ఫిక్స్‌డ్):హ్యాస్-టెక్స్ట్(న్యూస్‌లెటర్)

బాడీకి నేరుగా బిడ్డ కావాలి, తెర మీద తేలుతూ ఉండాలి, ఆ మాట ఉండాలి. మూడూ కుదిరేది దాదాపు ఎప్పుడూ పాప్‌అప్పే.

బొమ్మజెముడు
లేదా పై మెనూ బార్. అదీ తేలుతూనే ఉంటుంది, దాంట్లోనూ న్యూస్‌లెటర్ లంకె ఉంటుంది.

సెలెక్టర్_శాస్త్రి
అలా అయితే మాట మార్చండి, పెట్టెలో మాత్రమే ఉండే వాక్యం తీసుకోండి. అసలు ఇదంతా రాయకముందే చేయాల్సింది ఒకటుంది, ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. డ్యాష్‌బోర్డులో 'ఫిల్టర్ లిస్ట్స్' తెరవండి. అక్కడ కుకీ నోటీసులకి ఒక గుంపు, 'అనోయెన్సెస్' అని ఇంకో గుంపు ఉన్నాయి. మొదట్నుంచీ టిక్ పెట్టి ఉండవు, మనమే పెట్టాలి. ఈజీలిస్ట్‌వి, అడ్‌గార్డ్‌వి రెండూ ఉంటాయి. ఒక గుంపులో ఒకరివి చాలు, రెండూ పెట్టినా కొంపేం మునగదు. మీరు చేత్తో రాస్తున్న వాటిలో చాలావరకు వేరేవాళ్లు ఇప్పటికే రాసి, మారినప్పుడల్లా దిద్దుతున్నారు.

అడ్డుగోడ
నా ఓటు యూజర్‌కంటెంట్ సిఎస్ఎస్‌కి, అంటే పేజీలకి ఫైర్‌ఫాక్స్ వర్తింపజేసే మన సొంత స్టైల్ ఫైలుకి. ఏ ఎక్స్‌టెన్షన్ మీదా ఆధారపడదు, మూడోట్యాబ్ అడిగింది కూడా అదే. 'అబౌట్ సపోర్ట్' తెరిచి ప్రొఫైల్ ఫోల్డర్ దగ్గర బటన్ నొక్కండి. ఆ ఫోల్డర్లో 'క్రోమ్' అని కొత్త ఫోల్డర్ (గూగుల్ క్రోమ్‌తో సంబంధం లేదు), అందులో యూజర్‌కంటెంట్.సిఎస్ఎస్ ఫైలు. ఫైర్‌ఫాక్స్ 69 నుంచీ ఇది మొదట్లో ఆపేసి ఉంటుంది. అబౌట్ కాన్ఫిగ్‌లో 'టూల్‌కిట్.లెగసీయూజర్‌ప్రొఫైల్‌కస్టమైజేషన్స్.స్టైల్‌షీట్స్' ట్రూ చేయాలి. బ్రౌజర్ మూసి తెరవాలి.

పనిచేయట్లేదంటూ వచ్చేవాళ్లలో ఎక్కువమందిది ఒకటే కథ: విండోస్‌లో ఫైలు పొడిగింపు దాగి ఉండటం వల్ల ఫైలు పేరు చివర కనపడని .టిఎక్స్‌టి ఒకటి తగులుకుని ఉంటుంది. లినక్స్‌లో అయితే పేరులో సి అక్షరం పెద్దది కాకపోవడం.

రూల్స్‌ని @-మోజ్-డాక్యుమెంట్ డొమైన్() లోపల పెట్టండి, లేకపోతే అన్ని సైట్లకీ వర్తిస్తాయి.

ఎఫ్‌పన్నెండు
అడ్డుగోడ చెప్పింది పనిచేస్తుంది, కానీ పాప్‌అప్‌ల కోసం అదే ఎందుకో నాకు తట్టట్లేదు. ఒక్క అక్షరం మార్చినా బ్రౌజర్ మూసి తెరవాలి. మాటల్ని బట్టి పట్టుకోవడం సిఎస్ఎస్‌కి రాదు. స్క్రిప్టుని ఆపలేదు. ఫైర్‌ఫాక్స్ సింక్ ఆ ఫైలుని మోసుకెళ్లదు. 'రిఫ్రెష్ ఫైర్‌ఫాక్స్' నొక్కితే ఆ కాన్ఫిగ్ మళ్లీ మొదటికి.

అడ్డుగోడ
యూజర్ స్టైల్‌షీట్‌లో !ఇంపార్టెంట్ పెడితే సైటు రాసిన !ఇంపార్టెంట్ కూడా దాని ముందు ఓడిపోతుంది, ఎలిమెంట్‌లోనే రాసినదైనా సరే. స్టైలస్ లాంటి ఎక్స్‌టెన్షన్లకి మామూలుగా ఆ బలం ఉండదు. అవి సైటు సొంత సిఎస్ఎస్ స్థాయిలోనే కూర్చుంటాయి, సైటు స్క్రిప్టు ఇన్‌లైన్‌లో !ఇంపార్టెంట్ పెట్టిందంటే అవి చేతులెత్తేస్తాయి.

ఎఫ్‌పన్నెండు
యూబ్లాక్ కూడా యూజర్ స్థాయిలోనే పెడుతుంది. ఆ బలం దానికీ ఉంది.

కీబోర్డు_కాకి
ఇద్దరిదీ సగం సగం నిజం. పేజీలకి యూబ్లాక్, బ్రౌజర్ సొంత పెట్టెలకి యూజర్‌క్రోమ్ సిఎస్ఎస్ (బ్రౌజర్ రూపాన్ని దిద్దే అలాంటి ఫైలే), ఇలా పంచుకుంటే గొడవ లేదు. బ్రౌజర్ గీసే వాటిని ఏ ఎక్స్‌టెన్షనూ దాచలేదు. కొన్నిటికి ఆ సిఎస్ఎస్ కూడా అక్కర్లేదు: వీడియో పూర్తి తెర చేసినప్పుడు పైన వచ్చే నోటీసుకి అబౌట్ కాన్ఫిగ్‌లో 'ఫుల్-స్క్రీన్-ఏపీఐ.వార్నింగ్.టైమౌట్' 0 చేస్తే చాలు. అది మోసపు పేజీల నుంచి కాపాడటానికి పెట్టిన నోటీసు, తెలిసి తీయండి.

పిల్లటెక్కీ
నాది క్రోమ్. ఇవన్నీ నాకు వర్తిస్తాయా?

ఎఫ్‌పన్నెండు
సగం. మేనిఫెస్ట్ వి3 (క్రోమ్ ఎక్స్‌టెన్షన్ల కొత్త నియమావళి) వచ్చాక అసలు యూబ్లాక్ ఆరిజిన్ క్రోమ్‌లో నడవదు, యూబ్లాక్ ఆరిజిన్ లైట్ ఉంది. లైట్ వేసుకుని పెట్టెలు పోవట్లేదని చెప్పేవాళ్లు ముందు ఫిల్టరింగ్ మోడ్ చూసుకోవాలి. 'బేసిక్'లో ఉంటే నెట్‌వర్క్ అభ్యర్థనలు ఆపడమే ఉంటుంది, పెట్టెలు దాచడం ఉండదు. 'ఆప్టిమల్' లేదా 'కంప్లీట్'కి మార్చి, లిస్టుల్లో అనోయెన్సెస్ టిక్ పెట్టండి. యూజర్ స్టైల్‌షీట్ ఫైలు వెతక్కండి, క్రోమ్ దాన్ని 2014లోనే ఎత్తేసింది. నోటిఫికేషన్లు మాత్రం క్రోమ్‌లోనూ సులువే: సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్, 'అనుమతించొద్దు'.

పిల్లటెక్కీ
కుడివైపు పైన "గూగుల్ ఖాతాతో లాగిన్ అవ్వండి" అని నా ఫొటోతో సహా వచ్చే పెట్టె? దాన్ని ఇన్‌స్పెక్టర్ పట్టట్లేదు.

కీబోర్డు_కాకి
అది రెండు రూపాల్లో వస్తుంది. పాతది పేజీలో ఐఫ్రేమ్ (పేజీలో ఇమిడిన ఇంకో పేజీ). కొత్తది ఫెడ్‌సీఎమ్ అనే పద్ధతి, బ్రౌజరే గీస్తుంది, నీకు పట్టుబడనిది ఇదే. క్రోమ్ సైట్ సెట్టింగ్స్‌లో అదనపు కంటెంట్ సెట్టింగుల కింద 'థర్డ్-పార్టీ సైన్-ఇన్' ఉంటుంది, దాన్ని బ్లాక్ చెయ్యి. ఐఫ్రేమ్ రకానికి యూబ్లాక్‌లో ||అకౌంట్స్.గూగుల్.కామ్/జీఎస్ఐ/$థర్డ్-పార్టీ సరిపోతుంది. దీనివల్ల ఆ సైట్లలో గూగుల్ లాగిన్ బటన్ కూడా చచ్చిపోతుంది. అలా లాగిన్ అయ్యే సైటు ఉంటే ఆ ఒక్కదానికి మినహాయింపు రాసుకోవాలి. అది వద్దనుకుంటే గూగుల్ ఖాతా సెట్టింగ్స్‌లో సైన్-ఇన్ ప్రాంప్టులు ఆపేసే స్విచ్ ఉంది, బటన్ బతికే ఉంటుంది.

లినక్సు_లచ్చి
స్క్రోల్ కుదిరినా క్లిక్కులు పనిచేయట్లేదని ఇంకెవరైనా వచ్చేలోపు: రెండు కారణాలు. ఒకటి, పెట్టెను దాచారు గానీ దాని వెనక తెరంతా పరుచుకున్న పారదర్శకమైన పొర మిగిలింది, మీ క్లిక్ దాని మీద పడుతోంది. పేజీలో ఖాళీ చోట ఇన్‌స్పెక్టర్ పెడితే ఆ పొర దొరుకుతుంది, దాన్నీ దాచండి. రెండోది కొత్తరకం: సైటు డైలాగ్ ఎలిమెంట్‌ని షోమోడల్‌తో తెరిస్తే బ్రౌజరే మిగతా పేజీని జడం చేసేస్తుంది. ఆ డైలాగ్‌ని డిస్‌ప్లే నన్ చేసినా జడత్వం పోదు. అక్కడ దాచకూడదు, పీకేయాలి. సెలెక్టర్ చివర :రిమూవ్() పెట్టండి.

చదువరి_404
మామూలు పెట్టెల్ని కూడా రిమూవ్ చేసేస్తే ఒక పనైపోతుంది కదా?

లినక్సు_లచ్చి
వద్దు. సైటు స్క్రిప్టు తర్వాత ఆ ఎలిమెంట్‌ని వెతికి, దొరక్క, తప్పు విసిరి ఆగిపోవచ్చు. దాని వెంట మెనూలూ బొమ్మలూ ఆగుతాయి. దాచడం వీలుకానప్పుడే పీకడం.

అడ్డుగోడ
అన్ని సైట్లకీ కలిపి రోల్ డైలాగ్, ఆరియా-మోడల్ ట్రూ ఉన్నవన్నీ దాచే ఒకే వరస కొన్నిచోట్ల తిరుగుతోంది. దయచేసి పెట్టకండి. ఫొటో పెద్దది చేసే కిటికీ, తేదీ ఎంచుకునే క్యాలెండర్, చెల్లింపు నిర్ధారణ అన్నీ అదే రోల్ వాడతాయి. డబ్బు కట్టే పేజీలో బటన్ నొక్కితే ఏమీ జరగనట్టు ఉంటుంది, నిజానికి తెరుచుకున్న పెట్టె మనకి కనపడదు.

బొమ్మజెముడు
మౌస్ పైకి తీసుకెళ్తే "వెళ్లిపోతున్నారా?" అని ఏడ్చే పెట్టెల గురించి ఎవరూ అనలేదే.

సెలెక్టర్_శాస్త్రి
అవి మౌస్ పేజీ పైఅంచు దాటగానే పేలతాయి. పెట్టెను దాచేకన్నా ఆ మౌస్ కదలిక కోసం కాచుకున్న కోడ్‌ని (లిజనర్) ఆపడం మేలు: సైట్.కామ్##+జేఎస్(ఎఈఎల్‌డి, మౌస్‌అవుట్). కొన్ని మౌస్‌లీవ్ వాడతాయి, అది పనిచేయకపోతే ఇది. కొన్ని సెకన్ల తర్వాత వచ్చేవాటికి ఎన్ఓఎస్‌టిఐఎఫ్ అనే స్క్రిప్ట్‌లెట్ (యూబ్లాక్ పేజీలోకి ఎక్కించే చిన్న స్క్రిప్టు) ఉంది, సెట్‌టైమౌట్‌ని (సైటు పెట్టే టైమర్) ఆపుతుంది. దానికి పోలిక మాట ఇవ్వకుండా గుడ్డిగా పెట్టొద్దు, ఏ టైమరూ ఆగదు, అవి నమోదవుతాయంతే. ఇంకా తేలిక దారి, పెట్టె కోడ్ విడి ఫైలుగా వస్తుంటే ఆ ఫైలునే ఆపడం. యూబ్లాక్ లాగర్ (పేజీ తెచ్చుకునేవాటి జాబితా) తెరిచి పేజీ రీలోడ్ చేయండి, వేరే డొమైన్ నుంచి వచ్చే స్క్రిప్టుల్లో అది తరచూ దొరుకుతుంది. స్క్రిప్టే రాకపోతే తాళం లేదు, పొర లేదు, తోక మారే క్లాస్ బెడద లేదు.

పిల్లటెక్కీ
కుకీ పెట్టెను దాచేస్తే ఒప్పుకున్నట్టా, ఒప్పుకోనట్టా?

కీబోర్డు_కాకి
ఏదీ చెప్పనట్టు. యూరప్ జీడీపీఆర్ (వ్యక్తిగత సమాచార రక్షణ నియమం) ప్రకారం మౌనం అంగీకారం కాదు, కాబట్టి ఆ నియమం పాటించే సైటు ట్రాకింగ్ కుకీలు పెట్టకూడదు. పాటించని సైటు పెట్టె రాకముందే పెట్టేస్తుంది, దాచినా దాచకపోయినా ఒకటే. చిక్కు ఇంకోచోట ఉంది: పొదిగిన వీడియోలూ మ్యాపులూ నువ్వు జవాబు చెప్పేదాకా లోడ్ కాకుండా ఆగుతాయి. ఆ సైట్లలో దాచడం మానేసి 'తిరస్కరించు' నొక్కడమే మంచిది. జవాబు ఒక కుకీలోనో లోకల్ స్టోరేజ్‌లోనో ఉంటుంది గనక, బ్రౌజర్ మూసినప్పుడు అన్నీ చెరిపేసే అమరిక ఉంటే పెట్టె మళ్లీ వస్తుంది.

మూడోట్యాబ్
లిస్టులు టిక్ పెట్టాక చాలావరకు సద్దుమణిగింది. అర్థంలేని క్లాస్ పేరు ఉన్నదాన్ని ఆరియా-లేబుల్‌తో పట్టా. ఇంకొక్కటే మిగిలింది: ఒక సైటులో పెట్టె పోయింది, స్క్రోల్ అవుతోంది, వ్యాసం మాత్రం మసకగా ఉంది. రెండు పేరాల తర్వాత పూర్తిగా ఆగిపోతోంది.

ఎఫ్‌పన్నెండు
మసక అంటే సైటు పెట్టిన 'ఫిల్టర్: బ్లర్' అనే సిఎస్ఎస్ నియమం (యూబ్లాక్ ఫిల్టర్ కాదు). వ్యాసాన్ని మోసే ఎలిమెంట్‌కి :స్టైల్(ఫిల్టర్: నన్ !ఇంపార్టెంట్) పెడితే పోతుంది. ఆగిపోవడం వేరే సంగతి. కంట్రోల్ యూ నొక్కి పేజీ సోర్స్ తెరిచి, కనిపిస్తున్న ఆఖరి వాక్యంలోని నాలుగు మాటలు వెతకండి. దాని తర్వాత మిగతా వ్యాసం అక్కడుంటే ఎత్తు కుదించి దాచారన్నమాట, మ్యాక్స్-హైట్ నన్, ఓవర్‌ఫ్లో విజిబుల్ పెట్టండి. అక్కడ కూడా లేకపోతే సర్వర్ సాధారణంగా లాగిన్ అయ్యాకే పంపుతుంది, మన వైపు దాచడానికీ చూపించడానికీ ఏమీ లేదు.

లినక్సు_లచ్చి
ఇన్ని ఫిల్టర్లు పెట్టాక ఏ సైటైనా వింతగా ప్రవర్తిస్తే ముందు యూబ్లాక్ పాప్‌అప్ కిటికీలో కంటి గుర్తు నొక్కి రీలోడ్ చేయండి, ఆ సైటుకి దాచే ఫిల్టర్లు మాత్రమే ఆగుతాయి. బాగుపడితే తప్పు అక్కడుంది, లేకపోతే నెట్‌వర్క్ ఫిల్టర్లలోనో స్క్రిప్ట్‌లెట్లలోనో వెతకాలి. మై ఫిల్టర్స్‌లో ప్రతి వరస పైన ఆశ్చర్యార్థకం పెట్టి తేదీ, కారణం రాసుకోండి, ఆ వరసని యూబ్లాక్ పట్టించుకోదు. అదే ట్యాబ్‌లో ఎక్స్‌పోర్ట్ బటన్ ఉంది, వేరే కంప్యూటర్లోకి టెక్స్ట్ ఫైలుగా తీసుకెళ్లొచ్చు.